నానాక్స్ ఎక్స్‌రే యంత్రం: మదుపరుల ఆశకు ఆధారముందా?

చర్చాంశం: ఇజ్రాయెల్ సంస్థ నానాక్స్ 2020 ఆగస్టులో షేరు 18 డాలర్ల చొప్పున అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో ఐపీఓకు (తొలిసారి ప్రజలకు షేర్లు అమ్మడానికి) వచ్చింది. చవకైన ఎక్స్‌రే యంత్రాలను ఆసుపత్రుల్లో తానే నెలకొల్పి, స్కానుకు ఇంత అని వసూలు చేస్తానన్నది. ఈ సంస్థపై మదుపరులు పెట్టుకున్న నమ్మకం సమంజసమేనా?

దీర్ఘకాలమదుపరి: సమంజసమే. 1913లో అమెరికా శాస్త్రవేత్త కూలిడ్జ్ రూపొందించిన పద్ధతిలో టంగ్‌స్టన్ తీగను తెల్లగా మెరిసేదాకా వేడి చేస్తే తప్ప ఎక్స్‌రేలను పుట్టించే ఎలక్ట్రాన్లు వెలువడవు. ఎక్స్‌రే గొట్టాలు ఈనాటికీ చాలావరకు అలాగే పనిచేస్తున్నాయి. నానాక్స్ చిప్‌పై ఉండే అతిసూక్ష్మమైన మొనల నుంచి, వేడితో పని లేకుండా, విద్యుత్ క్షేత్రంతోనే ఆ ఎలక్ట్రాన్లను రాబడుతుంది. అటువంటి చిన్న గొట్టాలను విల్లులా అమర్చి వేర్వేరు కోణాల్లో చిత్రాలు తీస్తే, ఒకదానిపై ఒకటి పడి కనిపించే ఎముకలను పొరలుగా విడదీసి చూడవచ్చు. ఫాక్స్‌కాన్, ఎస్‌కే టెలికాం వంటి సంస్థలు ఊరికే డబ్బు పెట్టవు కదా!

లెక్కలమనిషి: భౌతికశాస్త్రంతో నాకు పేచీ లేదు, ధరతోనే. కొద్ది వారాల్లో షేరు 60 డాలర్లు దాటినప్పుడు ఆ యంత్రానికి ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతిచ్చే సంస్థ) అనుమతే లేదు. ఒకే గొట్టమున్న నమూనాకు 2021లో, అసలు యంత్రానికి 2023లో అనుమతి వచ్చింది. అదీ పెద్దవారి ఎముకలు, కీళ్ల పరీక్షలో మామూలు ఎక్స్‌రేకు తోడుగా వాడుకోవడానికి మాత్రమే. సీటీ స్కానుకు ప్రత్యామ్నాయమని ఊహించుకున్నవారు ఆ షరతును ఒకసారి చదవాలి.

దీర్ఘకాలమదుపరి: 2024 డిసెంబరులో ఆ పరిధి ఊపిరితిత్తుల వంటి భాగాలకూ విస్తరించింది. ఇక 2020 సెప్టెంబరులో సంస్థ దగ్గర అసలు సరుకే లేదంటూ సిట్రాన్, మడీ వాటర్స్ చేసిన విమర్శలంటారా, షేరు పడితే లాభపడే షార్ట్ సెల్లర్ల మాటను యథాతథంగా నమ్మనక్కర్లేదు.

లెక్కలమనిషి: వారిని పక్కన పెడదాం. భారీ సంఖ్యలో తయారుచేస్తే యంత్రానికి అయ్యే ఖర్చును తక్కువ చేసి చూపి మదుపరులను తప్పుదారి పట్టించారని 2023లో సంస్థపైనా, స్థాపకుడు రాన్ పోలియాకిన్‌పైనా అమెరికా షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ అభియోగం మోపింది. ఆరోపణలను ఒప్పుకోకుండా, కాదనకుండా జరిమానా కట్టి వారు రాజీపడ్డారు. చవక అన్నదే ఈ వ్యాపారానికి పునాది అయినప్పుడు, మదుపరులు అన్నిటికంటే ముందు గట్టిగా అడగవలసినది ఆ ఖర్చు గురించే. తర్వాతి ఏళ్లలో వచ్చిన రాబడిలో ఎక్కువ భాగం నానాక్స్ 2021లో కొన్న మరో సంస్థ చేసే టెలీరేడియాలజీ (స్కాన్ చిత్రాలను దూరం నుంచే వైద్యులు చదివి నివేదిక ఇచ్చే) సేవలది. అందువల్ల మొత్తం రాబడి పెరిగిందని సంబరపడేవారు అందులో స్కానుల వాటా ఎంతో విడిగా చూపితే మన చర్చ ముందుకు సాగుతుంది.