ఖడ్గ తిక్కన నాటకానికి కదిలే పోస్టర్: మంచం, పసుపు ముద్ద చాలా, మనిషి కూడా ఉండాలా?

పినాకిని_గట్టు:

నెల్లూరులో ఆడబోయే ఖడ్గ తిక్కన నాటకానికి కదిలే పోస్టర్ చేస్తా ఉండాను. వాట్సాప్ స్టేటస్‌కి నిలువుది ఒకటి, హాలు బయట ఎల్‌ఈడీ తెరకి అడ్డంది ఒకటి కావాలి. తీసుకున్న ఘట్టం అందరికీ తెలిసిందే. కాటమరాజు సేనతో పోరులో వెనుదిరిగి ఇంటికొచ్చిన తిక్కనకి భార్య చానమ్మ స్నానానికి నీళ్లు తోడి, ఆడవాళ్లకి పెట్టినట్టు నులకమంచం అడ్డం నిలబెట్టి, పసుపు ముద్ద పెట్టే చోటు.

ఇప్పుడున్న డ్రాఫ్టులో కత్తి పట్టుకున్న తిక్కన, చానమ్మ, గంగాళం, మంచం, దీపం, వెనక యుద్ధం పొగ అన్నీ ఉన్నాయి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో (బొమ్మలకి కదలిక ఇచ్చే సాఫ్ట్‌వేర్) 6 సెకన్లు. చూస్తే సినిమా ట్రైలర్ ముక్క మాదిరి ఉందిగానీ పోస్టర్‌లా లేదు. ఏం తీసెయ్యాలి? ఇంకొకటి, నీళ్ల ఆవిరి లూప్ (ఆగకుండా మళ్లీ మళ్లీ ఆడే ముక్క) తిరిగేచోట చిన్నగా ఎగురుతా ఉంది, అదెందుకు?

రంగులపెట్టె:

ముందు ఘట్టం ఏ క్షణమో తేల్చుకోండి, ఏం తీసెయ్యాలో అదే చెప్తుంది. చానమ్మ మంచం నిలబెడుతున్న క్షణం వేరు, తిక్కన దాన్ని చూసిన క్షణం వేరు. కథ మలుపు తిరిగేది రెండోచోట. అది పట్టుకుంటే చానమ్మ ఫ్రేములో ఉండనక్కర్లేదు, ఆమె పెట్టిపోయిన వస్తువులే ఆమె మాట. యుద్ధం పొగ అసలే వద్దు, అది నిన్నటి సంగతి. దీపం కూడా తీసెయ్యండి. పొద్దుటి ఎండ ఒక పక్కనుంచి పడుతున్నట్టు పెట్టుకుంటే నీడ అనే ఆయుధం మీ చేతికొస్తుంది.

మిగిలేవి నాలుగు: నిలబెట్టిన మంచం, దాని వెనకనుంచి పైకి లేచే ఆవిరి, మంచం కోడు దగ్గర నేల మీద పసుపు ముద్ద, ఎడమ అంచునుంచి నేల మీదకి పడిన మనిషి నీడ, చేతిలో కత్తి నీడతో సహా. మనిషిని చూపించబాకండి. ముఖం కనిపిస్తే చూసేవాళ్లు ముఖంలో కోపం ఉందా సిగ్గు ఉందా అని వెతుకుతారు. నీడైతే ఆ సిగ్గు వాళ్లే ఊహించుకుంటారు. గంగాళం కూడా మంచం చాటునే ఉండనీండి, పైన ఆవిరి ఉంది కాబట్టి కింద వేన్నీళ్లున్నాయని ఎవరికైనా అర్థమవుతుంది.

కొలతలు చెప్తాను. 1080 × 1920 కాన్వాసు మీద మంచం వెడల్పు 620 పిక్సెళ్ల దాకా, మధ్యకి కాకుండా కాస్త కుడికి జరిపి. పైన 250, కింద 250 పిక్సెళ్లలో ముఖ్యమైనదేదీ పెట్టబాకండి, స్టేటస్‌లో పేరు పట్టీ, జవాబు పెట్టె అక్కడే కూర్చుంటాయి. రంగులు మూడు (అంకెలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు): నేపథ్యం 52, 32, 24 మట్టి గోధుమ. మంచం, ఆవిరి, అక్షరాలు 238, 226, 204. పసుపు 228, 162, 14. నీడకి నేపథ్యం రంగునే ముదురు చేయండి. పసుపు పచ్చ ఆ ముద్దలో తప్ప ఇంకెక్కడా కనపడకూడదు, తేదీ పట్టీలో కూడా. ఒక్కచోటే ఉంటేనే కన్ను నేరుగా అక్కడికి పోతుంది.

ముద్ద మరీ చిన్నది చేయబాకండి. మామూలు ఎమ్‌పీ4 వీడియోలో వెలుగు సమాచారం పూర్తిగా ఉంటుందిగానీ రంగు సమాచారం నిలువునా అడ్డంగా సగం సగమే దాస్తారు. చిన్న పసుపు చుక్క అంచులు మట్టిరంగులోకి కారిపోతాయి. 70 పిక్సెళ్ల వెడల్పు ఉంటే నిలబడుతుంది.

ఇక నులక. పోస్టర్ చెడేది ఇక్కడే. నిజం మంచంలో ఉన్నన్ని పేటలు గీస్తే ఫోను తెర మీదకి కుదించినప్పుడు సన్నగీతలు ఒకదాన్నొకటి కొట్టుకుని అలలు అలలుగా మెరుస్తాయి. బొమ్మ కదలకపోయినా నులక కదులుతున్నట్టుంటుంది, మీ ఆవిరిని ఎవరూ చూడరు. ఒక్కో పేట 12 పిక్సెళ్ల మందం, మధ్య 30 పిక్సెళ్ల ఖాళీ, ఏటవాలుగా రెండు వైపులనుంచి. కాళ్ల వైపు నులకని బిగించే దావాణం తాడు మాత్రం నేరుగా నాలుగు గీతలు వేయండి. ఆ నాలుగు గీతల వల్లే అది కిటికీ జాలీ కాదు, మంచం అని తెలుస్తుంది. పల్లెలో మంచం చూసిన ఎవరైనా మొదట పట్టుకునే గుర్తు అదే.

ఫ్రేముకు_ఫ్రేము:

ఆవిరి ఎగరడం గురించి. రెండు కారణాలు ఉంటాయి, బహుశా మీకు రెండూ ఉన్నాయి.

ఒకటి, మొదటి ఫ్రేము, ఆఖరి ఫ్రేము ఒకటే అయ్యుంటాయి. 4 సెకన్ల లూప్ 25 ఫ్రేముల వేగంతో అంటే 100 ఫ్రేములు, 0 నుంచి 99. రెండో కీఫ్రేము (కదలిక ఎక్కడ ముగియాలో చెప్పే గుర్తు) 100లో పెట్టాలి, రెండరు (వీడియోగా బయటికి తీయడం) మాత్రం 99తో ఆపాలి. 100 కూడా రెండరైతే ఒకే బొమ్మ రెండుసార్లు వచ్చి ఆవిరి క్షణం బిగుసుకుంటుంది.

రెండోది, కదలిక చుట్టు లూప్ నిడివితో సరిపోకపోవడం. ఆవిరికి వేవ్ వార్ప్ (బొమ్మని అలలా ఊపే ఎఫెక్ట్) వాడితే అందులో వేగం సెకనుకి ఎన్ని చుట్లు అనే లెక్కలో ఉంటుంది. 4 సెకన్లకి 0.25 ఇస్తే సరిగ్గా ఒక చుట్టు, 0.5 ఇస్తే రెండు. 0.3 ఇచ్చారంటే 1.2 చుట్ల దగ్గర తెగిపోతుంది, ఆ తెగడమే మీకు కనపడే ఎగురు. దిశ 0 పెట్టండి, అల పైకి పోతుంది. ఎత్తు 14, వెడల్పు 180. పిన్నింగ్‌లో (ఏ అంచు కదలకూడదో చెప్పే చోటు) కింది అంచు ఎంచుకుంటే ఆవిరి మొదలు మంచం దగ్గర కుదురుగా ఉండి పైన మాత్రమే ఊగుతుంది. పాయలు మూడు చాలు, ఒక్కోదానికి ఫేజ్ (అల ఎక్కడ మొదలవ్వాలో) 120 డిగ్రీల తేడా ఇవ్వండి. మూడూ కలిసి ఊగితే జెండా ఊగినట్టుంటుంది.

ఫ్రాక్టల్ నాయిస్‌తో (పొగలాంటి మసక ఆకారాలు పుట్టించే ఎఫెక్ట్) చేసుంటే సైకిల్ ఎవల్యూషన్ టిక్కు పెట్టి, 100 ఫ్రేముల్లో ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఆఫ్‌సెట్‌తో పైకి జరపబాకండి, అది మొదటికి తిరిగిరాదు.

రంగులపెట్టె చెప్పిన నీడ బాగుంది, ఒప్పుకుంటా. కానీ దాన్ని కూడా కదపాలనే ఆశ పుడుతుంది, జాగ్రత్త. కత్తి మొన కిందకి వాలడం మంచి ఆలోచనే. లూప్‌లో అది మళ్లీ పైకి లేవాలి కదా, లేస్తే తిక్కన చానమ్మ మీదకి కత్తి ఎత్తినట్టు చదువుకుంటారు. ఘట్టం అర్థమే మారిపోతుంది. కాబట్టి ఎల్‌ఈడీ లూప్‌లో ఆవిరి ఒక్కటే కదలాలి.

స్టేటస్ సంగతి వేరు, అది ఒకసారి ఆడి పక్కదానికి పోతుంది. అక్కడ 6 సెకన్లు తీసుకుని, 2వ సెకను దాకా నీడ కదలకుండా ఉంచి, 20 ఫ్రేముల్లో కత్తిని 9 డిగ్రీలు వాల్చి అక్కడే ఆపేయండి. ఈజీ ఈజ్ (కదలిక మొదలు, చివర నిదానం చేసే రెడీమేడ్ అమరిక) అలాగే వదిలేస్తే రైల్వే గేటు దిగినట్టు రెండు వైపులా నునుపుగా ఉంటుంది. గ్రాఫు ఎడిటరులో మొదలు నిదానంగా, చివర త్వరగా అయ్యేట్టు లాగండి. చేతిలో పట్టు సడలితే బరువు అట్లాగే దిగుతుంది. తిరుగు ఊగుడు వద్దు.

పినాకిని_గట్టు:

చాలా ఉపయోగంగా ఉందండీ. చానమ్మని, పొగని తీసేశా, వెంటనే తేడా తెలిసింది. ఇంకో రెండు చిక్కులు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ‘ఖడ్గ’ అని కొడితే డ కింద గ ఒత్తు పడకుండా విడిపోయి పక్కన కూర్చుంటోంది. వాట్సాప్‌లో పంపాక ఆవిరి మెత్తటి అంచుల్లో మెట్లు మెట్లుగా చారలు వస్తున్నాయి. జిఫ్ చేస్తే పోతుందా?

ఫ్రేముకు_ఫ్రేము:

జిఫ్‌తో ఇంకా ఎక్కువవుతుంది. ఒక ఫ్రేముకి 256 రంగులే, పారదర్శకత కూడా ఉంటే ఉంది లేకుంటే లేదు, మధ్యస్థం కుదరదు. ఎమ్‌పీ4లోనే ఉండండి: హెచ్.264, 1080 × 1920, సెకనుకి 25 ఫ్రేములు, సెకనుకి 6 నుంచి 8 మెగాబిట్లు.

చారలకి ముదురు నేపథ్యం మీద మెత్తటి మసకే కారణం. పక్కపక్క ఛాయల మధ్య తేడా చాలా తక్కువ, కుదింపు వాటిని ఒకే ముద్ద చేస్తుంది. చాలామంది గ్రెయిన్ (ఇసుకలాంటి సన్న చుక్కలు) చల్లమంటారు. యూట్యూబుకి పనికొస్తుందిగానీ వాట్సాప్ మళ్లీ కుదించేటప్పుడు ఆ గ్రెయిన్‌నే నలిపి మరకలు చేస్తుంది. దానికన్నా ఆవిరిని మసక లేకుండా గట్టి అంచులతో మూడు చదును ఛాయల్లో కత్తిరించండి, కాగితం కోసి అతికించిన మాదిరి. చారలు పుట్టడానికి చోటే ఉండదు. మీ మంచం కూడా చదునుగానే ఉంది కాబట్టి రెండూ ఒక చేతి పనిలా కుదురుతాయి.

కందుకూరు_కలం:

అక్షరాల సంగతి నేను చెప్తా. ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే విభాగానికి పోయి టెక్స్ట్ ఇంజన్ని సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కి మార్చి, పేరు మళ్లీ కొత్తగా టైప్ చేయండి. అప్పటికీ మొండికేస్తే ఇంక్‌స్కేప్‌లో రాసి, ఆబ్జెక్ట్ టు పాత్ కొట్టి, రెండింతల సైజులో పారదర్శక పీఎన్‌జీగా తెచ్చుకోండి. రామభద్ర ఫాంటు శీర్షికకి బరువుగా నిలబడుతుంది, తేదీ వేదికలకి మండలి సరిపోతుంది. అను ఫాంట్లలో కొట్టిన మ్యాటరు మాత్రం నేరుగా అతికించబాకండి, అది యూనికోడ్ కాదు, పిచ్చిగీతలొస్తాయి.

అక్షరం అక్షరంగా కదిలించే రెడీమేడ్ ప్రీసెట్లు తెలుగుకి వాడొద్దు. ఒత్తు ఒక పక్క, గుణింతం ఒక పక్క ఎగిరిపోతాయి. పేరంతా ఒక్కటిగా 12 ఫ్రేముల్లో తేలిరానీండి, అంతే. స్టేటస్‌లో పేరు కత్తి ఆగాకే రావాలి, ముందే వస్తే కళ్లు పైకి పోతాయి, నీడ వాలడం ఎవరూ చూడరు. చానమ్మ నోట చెప్పే ముగ్గురాడవాళ్లమయ్యామనే చాటుపద్యం పోస్టర్ మీద వేయాలనిపిస్తుంది, వేయబాకండి. అది రంగస్థలం మీద మొదటిసారి వినపడాల్సిన మాట.

కత్తి నీడ గురించి ఒక మాట. క్లిప్‌ఆర్టులో దొరికే శిలువ పిడి కత్తి ఈ కథకి పరాయిది, బాగా వంగిన తల్వారు తర్వాతి కాలందిగా కనిపిస్తుంది. ఇది 13వ శతాబ్దం, నెల్లూరు ఏలిన మనుమసిద్ధి కాలం. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వీరగల్లులు (పోరులో పడిన వీరుల గుర్తుగా చెక్కిన రాళ్లు) చాలానే ఉన్నాయి, ఒకదాన్ని ఎదురుగా నిలబడి ఫొటో తీసి, వీరుడి చేతిలో ఆయుధం రూపురేఖ గీసుకోండి. శిల్పి చెక్కింది ఎలాగూ గీతలకి కుదించిన బొమ్మే, నీడకి నేరుగా సరిపోతుంది.

రంగులపెట్టె:

ఎల్‌ఈడీకి పంపేముందు తెర పిక్సెళ్లు ఎన్నో అద్దెకిచ్చేవాళ్లని అడగండి. పీ4 తెర అంటే చుక్కకీ చుక్కకీ 4 మిల్లీమీటర్లు. 3 మీటర్లు × 2 మీటర్ల తెరలో ఉండేది 750 × 500 పిక్సెళ్లే. నిలువు పోస్టరుని అందులో ఇరికిస్తే ఎత్తు 500కి దిగిపోతుంది, 12 పిక్సెళ్ల నులక పేట 3 పిక్సెళ్లవుతుంది. అడ్డం తెరకి వేరే కూర్పు చేయండి: మంచం కుడి మూడోవంతులో, నీడ ఎడమనుంచి పొడుగ్గా, పేటలు సగానికి తగ్గించి, మిగిలినవి తెర మీద 6 పిక్సెళ్లకి తగ్గకుండా. నేపథ్యం కూడా కొంచెం పైకి తేవాలి, 70, 44, 34 దాకా. మరీ ముదురు ఛాయలు ఎల్‌ఈడీలో కలిసిపోతాయి, అప్పుడు నీడకీ నేలకీ తేడా ఉండదు. ఫైలు వాట్సాప్ వీడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేదంటే పెన్‌డ్రైవులో ఇవ్వండి. చీకటి పడ్డాక ఒకసారి, ఎండ ఉండగా ఒకసారి రోడ్డు అవతలనుంచి చూసి, పసుపు ముద్ద ముందుగా కంటపడకపోతే దాన్ని ఇంకో 20 పిక్సెళ్లు పెంచండి.