ఇంటి నుంచి పని... మాట్లాడే మనిషి లేక పిచ్చెక్కుతోంది, ఏం చేయమంటారు?

నమస్కారమండీ. నాకు 29 ఏళ్లు. నాలుగేళ్లు మాదాపూర్‌లో ఆఫీసుకెళ్లి క్లయింట్ సపోర్ట్ చేశాను. జనవరి నుంచి పూర్తిగా ఇంటి నుంచే, రాజమండ్రిలో అమ్మానాన్నల దగ్గర.

అసలే నేను వాగుడుకాయని. పక్కవాడి దగ్గరికి కుర్చీ జరిపి "ఇది చూడు బాస్" అంటే పది నిమిషాల్లో తేలిపోయే పనికి ఇప్పుడు మెసేజ్ పెట్టి గంట ఎదురుచూస్తున్నాను. ఆ గంటలో ఫోను తీస్తాను, ఇక అంతే. టీ దగ్గర కబుర్లలో తట్టే ఐడియాలూ ఆగిపోయాయి. పైగా క్లయింట్లు న్యూయార్క్ వాళ్లు. అక్కడ ఉదయం 9 అంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. ఫ్రెండ్స్ గోదావరి గట్టుకి చేరే వేళకి నేను హెడ్‌ఫోన్స్ తగిలించుకుంటాను.

25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పొమొడోరో పద్ధతి పెట్టాను. మూడో రోజుకే టైమర్ మీద కోపమొచ్చింది. ఒక కొలీగ్‌తో వీడియో కాల్ తెరిచి ఉంచి, ఎవరి పని వాళ్లం మౌనంగా చేసుకున్నాం. విచిత్రంగా అది పనిచేసింది! కానీ అతను వేరే టీంకి వెళ్లిపోయాడు. మా అమ్మకేమో ఇంట్లో ఉంటే ఖాళీయే: "ఒరేయ్, కాస్త గ్యాస్ బండ మార్చరా."

నాలాంటి వాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు? అద్దె డెస్కు తీసుకుంటే ఆ డబ్బు గిట్టుబాటవుతుందా? నెలకోసారి ఆఫీసుకి వస్తానని మేనేజర్‌ని ఎలా అడగాలి? మెడిటేషన్ చేయమని మాత్రం చెప్పకండి, ప్లీజ్.