అప్‌డేట్: బిల్లీ హాలిడేకి నివాళిగా వచ్చిన శాక్సఫోన్ ఆల్బమ్ విన్నాను

అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడేకి (‘లేడీ డే’ ఆమె ముద్దుపేరు) నివాళిగా శాక్సఫోన్ వాద్యకారుడు జేమ్స్ కార్టర్ చేసిన 2003 ఆల్బమ్ ‘గార్డీనియాస్ ఫర్ లేడీ డే’ గురించి ఇంతకుముందు ఇక్కడ అడిగాను, గాయనికి నివాళి అంటూ దాదాపు పాటే లేకపోతే ఏం వినాలని. ముందు బిల్లీ, శాక్సఫోన్ వాద్యకారుడు లెస్టర్ యంగ్ కలిసి చేసిన 1937 రికార్డులు వినమని కొందరు సలహా ఇచ్చారు. విన్నాను. ఆమె పాట ఆపిన చోట అతని టెనర్ శాక్సఫోన్ అందుకుంటుంది, మన కచేరీలో వయొలిన్ గాయకుడి వెంటే నడిచినట్టు. ఆ చెవితో కార్టర్ దగ్గరికి వెళ్తే దారి దొరికింది.

కార్టర్ ఆల్బమ్‌లోవి అన్నీ బిల్లీ పాడినవి కావు, జాజ్ స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్ బాణీ కూడా ఒకటుంది. నాకు అదేం ఇబ్బంది అనిపించలేదు. తీగ వాద్యాలు మాత్రం కొన్నిచోట్ల మరీ తియ్యగా ఉన్నాయి.

‘స్ట్రేంజ్ ఫ్రూట్’ వేరే సంగతి. నల్లజాతివాళ్లను కొట్టి చంపి చెట్లకు వేలాడదీసిన దారుణంపై బిల్లీ 1939లో రికార్డు చేసిన పాట. ఈ ఆల్బమ్‌లో దాన్ని గాయని మిషే బ్రేడెన్ పాడుతుంది, తర్వాత శాక్సఫోన్ కేకలు పెడుతుంది. రాత్రి హెడ్‌ఫోన్స్‌లో విని, తర్వాతి ట్రాక్‌కి వెళ్లలేక ఆపేశాను. సలహా ఇచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్. అన్నట్టు, లెస్టర్ యంగ్‌వి ఇంకేం వినాలో చెప్పండి.