1/16 టైగర్: ఊడొస్తున్న రంగు, పాలలా తెల్ల పొర, మెటల్ ట్రాకులు

నాచారం_16:

హెంగ్ లాంగ్ కంపెనీ రిమోట్ ట్యాంకు, అసలు దానికి 1/16 సైజులో జర్మన్ టైగర్-1. టరెట్ (పైన తిరిగే భాగం) మీద కమాండర్ బయటికి చూసే కుపోలా డ్రమ్ములా ఉండే మోడల్. డబ్బాలోంచి వచ్చిన బూడిద రంగు మీదే టామియా ఎక్స్‌ఎఫ్-60 ముదురు పసుపు ఎయిర్‌బ్రష్‌తో కొట్టాను. ప్రైమర్ (రంగు పట్టేందుకు కింద వేసే పూత) వేయలేదు. రంగుల షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్ రంగుకి రెండింతలు కలిపాను, 0.5 మి.మీ. సూది, గాలి ప్రెషర్ 25 పీఎస్‌ఐ. మూడు గంటలాగి, ఆకుపచ్చ పట్టీల కోసం హార్డ్‌వేర్ షాపు మాస్కింగ్ టేపు అతికించి తీస్తే టరెట్ పక్కన పసుపు పొర టేపుతో పాటే వచ్చేసింది. ఇంజిన్ డెక్కు మీద రంగు అక్కడక్కడ తెల్లగా మసకబారింది, చెయ్యి పెడితే సన్నటి ఇసుకలా గరగరలాడుతోంది.

రంగు మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టాలా, పైనే సర్దుకోవచ్చా? ఎం-సీల్‌తో జిమ్మెరిట్ (అయస్కాంత మైన్లు అతుక్కోకుండా ట్యాంకుకి పూసే గరుకు పూత) కూడా చేద్దామనుకుంటున్నా. మెటల్ ట్రాకులు కొని పెట్టాను, గేర్‌బాక్స్ ప్లాస్టిక్‌దే ఉంది. ఏది ముందు, ఏది తర్వాత చెప్పండి.

రాణిగంజ్_ఎయిర్:

ముందు తెల్ల పొర సంగతి. ఎన్‌సీ థిన్నర్ చాలా తొందరగా ఆవిరవుతుంది. ఆవిరవుతూ ఆ చోటుని చల్లబరుస్తుంది. వానాకాలం గాలిలో ఉన్న తేమ ఆ చల్లటి తడి రంగు మీద దిగి పొరలో చిక్కుకుపోతుంది, అదే మీకు పాలలా కనిపిస్తున్నది. చల్లటి మజ్జిగ గ్లాసుకి బయట చెమట పట్టడం లాంటిదే. గరగర మాత్రం వేరే జబ్బు. అంత తొందరగా ఆరే థిన్నర్‌తో, ఎక్కువ ప్రెషర్‌తో దూరం నుంచి కొడితే రంగు గాల్లోనే సగం ఆరిపోయి పొడిలా దిగుతుంది. అలా దిగినది అతుక్కోదు. దానికి తోడు కింద ప్రైమర్ లేదు, ఫ్యాక్టరీ నూనె జిడ్డు కడగలేదు, పైన బండ టేపు. ఊడకపోతేనే ఆశ్చర్యం.

గరగర లేకుండా వట్టి తెల్లదనం మాత్రమే ఉన్న చోట ఒక ప్రయత్నం చేయొచ్చు. మెల్లగా ఆరే రకం, అంటే రిటార్డర్ కలిసిన లాకర్ థిన్నర్‌ని రంగు లేకుండా, 20 సెం.మీ. దూరం నుంచి ఒక్క పొగమంచులా కొట్టండి. పైపొర మళ్లీ కాస్త కరిగి తేమను వదిలేస్తుంది. కానీ మీ బండికి అది చేయను. కింద పట్టులేని రంగుని పైన బాగుచేసి లాభం లేదు, మొత్తం తీసేయండి.

తీయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. టామియా అక్రిలిక్ దానికి మెత్తబడుతుంది. తడిపిన టిష్యూ 10 నిమిషాలు పరిచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. అసిటోన్ జోలికి, ఎన్‌సీ థిన్నర్ గుడ్డ జోలికి వెళ్లొద్దు. ఈ బండ్లది ఏబీఎస్ ప్లాస్టిక్, రెండిటికీ కరుగుతుంది. ఫెండర్ల లాంటి పల్చటి ముక్కలైతే పగుళ్లు కూడా ఇస్తాయి.

తర్వాత పై హల్ (బండి ఒళ్లు), టరెట్ విప్పి వైర్లన్నీ బయటికి తీయండి. కనెక్టర్లకి టేపు ముక్క చుట్టి పేరు రాసి ఒక ఫోటో తీసుకోండి. పొగ వదిలే స్మోక్ యూనిట్ తప్పకుండా తీయాలి. దాని పారఫిన్ నూనె వెనక డెక్కు మీదికి సన్నగా పాకుతుంది, ఆ జిడ్డు మీద ఏ ప్రైమరూ నిలవదు. గిన్నెల సబ్బు, గోరువెచ్చటి నీళ్లతో కడిగి ఆరనిచ్చి, 1000 నంబరు నీటి కాగితంతో మెరుపు పోయేదాకా గీకండి. లోతుగా అక్కర్లేదు. చివరిగా ఒకసారి ఆల్కహాల్‌తో తుడిచాక వట్టి చేతులతో పట్టుకోకండి.

ప్రైమర్‌కి మిస్టర్ సర్ఫేసర్ 1000. ఒక వంతుకి దాని లెవెలింగ్ థిన్నర్ ఒకటిన్నర వంతు. మొదటి పూత కింద ప్లాస్టిక్ కనిపిస్తూనే ఉండాలి. 10 నిమిషాలాగి రెండోది కాస్త తడిగా. ఈ కాలంలో 48 గంటలు వదిలేయండి. పసుపుకి ఎక్స్‌ఎఫ్-60, టామియా థిన్నర్ ఎక్స్-20ఏ సమపాళ్లలో, 15 నుంచి 18 పీఎస్‌ఐ. ఈ సైజుకి 23 మి.లీ. సీసాలు రెండు పక్కన పెట్టుకోండి. కలిపేదంతా ఒకే జాడీలో ఒకేసారి కలపాలి, సగంలో అయిపోయి మళ్లీ కలిపితే ఆ రెండో రంగు కలవదు.

ఎప్పుడు కొట్టాలన్నది కూడా ముఖ్యమే. పొద్దున చల్లగా ఉంది కదా అని అప్పుడే మొదలుపెడతారు, కానీ తేమ ఎక్కువుండేది అప్పుడే. వాన లేని రోజు చూసుకుని మధ్యాహ్నం 1 నుంచి 4 మధ్య కొట్టండి. చిన్న తేమ మీటరు కొని 65 శాతం దాటితే కంప్రెసర్ ఆపేయండి. ఏసీ గదిలో తేమ తక్కువే, కానీ తలుపులు మూసి అందులో థిన్నర్ కొట్టొద్దు, ఆ ఆవిరే గదంతా తిరుగుతుంది. కొట్టడం ఎగ్జాస్ట్ ఫ్యాను ముందు, మాస్కు వేసుకుని. వాసన పోయాక ఏసీ గదిలో పెట్టి ఆరబెట్టుకోండి.

ఇంకోటి, గాలిలోని నీటిని పట్టే మీ మాయిశ్చర్ ట్రాప్ కంప్రెసర్‌కే బిగించి ఉంటే అది సగం పనే చేస్తుంది. గాలి పైపులో చల్లబడ్డాక నీరవుతుంది, అంటే ట్రాప్ దాటాక. మూడు మీటర్ల పైపు తర్వాత, ఎయిర్‌బ్రష్ దగ్గర ఇంకో చిన్న ట్రాప్ పెట్టండి. ఒకవైపు పావు ఇంచి, ఇంకోవైపు అరపావు ఇంచి మర ఉన్న అడాప్టర్ రాణిగంజ్‌లో న్యూమాటిక్ సామాన్లు అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది. పని అయ్యాక ట్యాంకు అడుగు వాల్వు తిప్పి నీళ్లు వదిలేయడం మరవకండి.

డుంకెల్‌గెల్బ్:

పై పోస్టులో అన్నీ సరే. నాది వేరే సందేహమండి. ఆకుపచ్చకి అసలు టేపు ఎందుకు?

1943 ఫిబ్రవరి 18 ఉత్తర్వు తర్వాత జర్మన్ ట్యాంకులు ఫ్యాక్టరీ నుంచి ముదురు పసుపు రంగులో వచ్చేవి. ఆలివ్ ఆకుపచ్చ, ఎర్ర గోధుమ రంగులు ముద్దగా డబ్బాల్లో యూనిట్లకి వెళ్లేవి. సిబ్బందే పెట్రోలో నీళ్లో కలిపి స్ప్రే గన్‌తో కొట్టుకునేవారు. అందుకే అంచులు మెత్తగా, ఒక్కోచోట పల్చగా ఉంటాయి. టేపు అంచు గీసినట్టు ఉంటే బొమ్మలా కనిపిస్తుంది.

లెక్క వేసుకోండి. అసలు ట్యాంకు మీద అంచు 5 నుంచి 8 సెం.మీ. మేర కరిగిపోతే, 1/16లో అది 3 నుంచి 5 మి.మీ. అంత సన్న అంచుకి 0.3 సూది, 10 నుంచి 12 పీఎస్‌ఐ, ఉపరితలానికి 3 సెం.మీ. దగ్గర నుంచి, రంగు ఒకటికి థిన్నర్ రెండు. ముందు చాక్‌పీసు పొడితో పట్టీల గీతలు గీసుకుని, లోపలి నుంచి అంచు వైపు నింపుకుంటూ రండి. చుట్టూ చుక్కలు చిమ్మితే ప్రెషర్ ఎక్కువైందనో రంగు మరీ పల్చనైందనో అర్థం. కాళ్లలా పాకితే సూది ఎక్కువ వెనక్కి లాగారని. పక్కనే పాత ఐస్‌క్రీమ్ డబ్బా మూత పెట్టుకుని దాని మీద నాలుగు గీతలు సరిగ్గా పడ్డాకే హల్ మీదికి రండి.

జిమ్మెరిట్ వద్దు. మీది డ్రమ్ కుపోలా అన్నారు. ఆ కుపోలా 1943 వేసవి దాకే. జిమ్మెరిట్ ఫ్యాక్టరీలో పూయడం మొదలైంది ఆ వేసవి చివర్లో. పెరిస్కోపులున్న పోత కుపోలా అప్పటికే వచ్చేసింది. రబ్బరు లేని ఉక్కు చక్రాలైతే 1944 ఫిబ్రవరి నుంచి. మీ బండికి రబ్బరు చక్రాలే కదా. కాబట్టి జిమ్మెరిట్ లేని పసుపు మీద మెత్తటి పట్టీలు, 1943 మధ్యలో రష్యాలో జరిగిన కుర్స్క్ యుద్ధం నాటి బండి. ఎం-సీల్ ప్యాకెట్ ఊరికే పోనివ్వక్కర్లేదు, దాంతో వెల్డు అతుకులు చేయండి. దారంలా నలిపి మూలల్లో పెట్టి, గుండుసూది తలతో వరసగా నొక్కుతూ వెళ్తే పాము పొలుసుల్లా వస్తాయి. మన ఎండకి తొందరగా గట్టిపడుతుంది, బఠాణీ గింజంత కన్నా ఎక్కువ ఒకేసారి కలపకండి.

ఇంకొకటి, 1/35 సైజు చిన్న మోడళ్ల వీడియోలు చూసి ప్రతి గాడిలో నల్లటి వాష్ (నీడ కోసం పారించే పల్చటి రంగు) పోయకండి. ఇంత పెద్ద బండికి నిజమైన నీడ అదే పడుతుంది. ఆయిల్ ట్యూబు బర్న్ట్ అంబర్, మినరల్ టర్పెంటైన్‌లో టీ డికాషన్ అంత పల్చగా, బోల్టుల చుట్టూ, అతుకుల్లో మాత్రం. అంతకన్నా ముందు మెరిసే (గ్లాసీ) క్లియర్ పొర ఉండాలి, లేదంటే మరక పాకి తుడిచినా పోదు.

కోఠి_సోల్డర్:

అన్నా, రంగు సంగతి వాళ్లు చెప్పిండ్రు. నేను కింద సంగతి చెప్తా. రంగుకన్నా ముందు కిందిదంతా పూర్తి చెయ్. మంచిగ రంగేసినంక గేర్‌బాక్స్ కోసం మళ్ల విప్పినవనుకో, స్క్రూడ్రైవర్ జారి ఫెండర్ మీద గీత పడ్తది.

మెటల్ ట్రాకు ఒక్కటే ఎక్కించకు. ట్రాకును తిప్పే ప్లాస్టిక్ స్ప్రాకెట్ పండ్లను మెటల్ తింటది, ఇంకో కొసన ట్రాకును బిగించే ఐడ్లర్ చక్రం ఇరుసు ఒంగుతది, ఆ బరువుకు ప్లాస్టిక్ గేరు పండ్లు రాల్తయ్. ట్రాకు, స్ప్రాకెట్, ఐడ్లర్, ఉక్కు గేర్‌బాక్స్ నాలుగూ ఒక్కసారే. పైసలు లేకుంటే అప్పటిదాంక ప్లాస్టిక్ ట్రాకుతోనే నడిపియ్. గేర్‌బాక్స్‌ల కూడ వేగం తక్కువుండే రేషియో తీస్కో. అసలు టైగర్ రోడ్డు మీద గంటకు 38 కిలోమీటర్లు పోతదనుకో. దాన్ని 16తోటి భాగిస్తే సెకనుకు 66 సెంటీమీటర్లు, పొలంల అయితే దాంట్ల సగం. మూడు మీటర్ల గదిని పది సెకన్లల్ల దాటితే సరిపోయె. రేసు కారు లెక్క ఉరికితే ఎంత మంచి రంగేసినా బొమ్మే.

టైగర్‌కు ఒక్కో దిక్కు 96 లింకులు. బిగువు ఎట్ల చూడాలంటే, పై వరస చక్రాల మీద వాలి పండాలె. తీగ లెక్క బిగుసుకుంటే మోటరు వేడెక్కుతది. మరీ వదులైతే మలుపుల ఊడ్తది. ముందు ఐడ్లర్ సర్దు, అప్పటికీ వదులుంటే ఒక్క లింకు తియ్, రెండు కాదు. పిన్ను లోపలి దిక్కునుంచి బయటికి కొట్టు. నడుస్తుంటే పిన్నులు బయటికి పాక్కుంట వస్తయ్, బయటి కొస మీద సూది మొనంత ఫెవిక్విక్ పెడ్తే ఆగుతయ్. లింకు సందుల దిగిందంటే రెండు లింకులు అతుక్కుంటయ్, చూస్కో. స్క్రూలు వదులు కాకుండ పెట్టే థ్రెడ్‌లాకర్ మెటల్ స్క్రూలకే, ఏబీఎస్ తాకితే పగులు ఇస్తది.

ట్రాకుకు రంగు తిప్పలు వద్దు. సర్క్యూట్ బోర్డులు కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ కోఠి గుజరాతీ గల్లీల దొరుకుతది. నీళ్లు బాగ కలిపి, ముందు ఒక్క మిగిలిన లింకు ముంచి చూడు. ఈ ట్రాకుల జింకు మీద గట్టిగ పని చేస్తది, బుడగలు, వేడి వస్తయ్, గందుకే గ్లౌజులు, కండ్లద్దాలు, బాల్కనీల. నల్లబడంగనే తీసి వంట సోడా నీళ్లల్ల ముంచి, మంచినీళ్లతోటి కడిగి ఆరబెట్టు. నేల తాకే చోట తర్వాత నడుస్తుంటే అదే మెరుస్తది.

నాచారం_16:

అందరికీ ధన్యవాదాలు. జిమ్మెరిట్ మానేశాను, రంగు ఆల్కహాల్‌తో వస్తోంది. బురదకి జాజు, సిమెంటు ఫ్లోరింగ్‌కి వాడే పసుపు ఆక్సైడ్ పొడి కలిపి ఫెవికాల్ నీళ్లతో పూయొచ్చా? బండి నడిపిస్తాను కూడా.

డుంకెల్‌గెల్బ్:

పొడులు బాగుంటాయి, వాటికి ప్రత్యేకంగా డబ్బులు పెట్టక్కర్లేదు. కానీ వట్టి జాజు వేస్తే కుర్స్క్ కాదు, మన ఎర్రనేల అవుతుంది. అక్కడిది నల్లరేగడి లాంటి నేల. కొద్దిగా నల్ల ఆక్సైడ్, ఎక్కువ పసుపు, చిటికెడు జాజు. ఎండిన దుమ్ముకి దాంట్లో సుద్దపొడి.

కోఠి_సోల్డర్:

ఫెవికాల్ బురద హల్ అడుగున, ఫెండర్ల లోపల మాత్రమే. చక్రాలకు, స్ప్రాకెట్‌కు, ట్రాకు సందులకు వద్దన్నా, ఎండి పెళ్లలు ఊడి గేర్లల్ల పడ్తది. అక్కడ టర్పెంటైన్‌ల కలిపిన పొడి పల్చగ పూసి ఆరినంక వేలితో తుడువు, చాలు. గేర్‌బాక్స్ మూతకు సందులుంటే ముందే టేపు అతికియ్, ఆక్సైడ్ పొడి గ్రీజుల కలిస్తే సానరాయి లెక్క పండ్లను తింటది.

రాణిగంజ్_ఎయిర్:

పొడి వేశాక పైన మెరుపు లేని మ్యాట్ క్లియర్ కొడితే సగం పొడి మాయమవుతుంది, రెండింతలు ముదురుగా కూడా కనిపిస్తుంది. క్లియర్ ముందు, పొడి తర్వాత. మ్యాట్ సీసా అడుగున పేరుకున్నది పూర్తిగా కలిసేదాకా కలపండి. అడుగుది చివర్లో ఒక్కసారిగా వస్తే మళ్లీ తెల్ల మచ్చలు చూస్తారు, దానికి తేమతో పనిలేదు.