నీలి తెర కూడా రాకుండా ఆగిపోతున్న కంప్యూటర్

ప్రశ్న (మిర్యాలగూడ):
మా ఇంటి డెస్క్‌టాప్ నెల రోజులుగా, అమ్మాయి ఆన్‌లైన్ పాఠాలు వింటుండగానే, విండోస్‌లో పెద్ద లోపం వస్తే కనిపించే నీలి తెర కూడా చూపకుండా ఒక్కసారిగా ఆగిపోయి తిరిగి మొదలవుతోంది. విండోస్ నమోదు చేసుకున్న సంఘటనలను చూపే ఈవెంట్ వ్యూయర్‌లో ప్రతిసారీ 'కెర్నెల్-పవర్ 41' అని కనిపిస్తోంది. విండోస్ మళ్లీ ఎక్కించినా మార్పు లేదు. పరీక్షలు దగ్గరపడ్డాయి, దయచేసి దారి చూపండి.

జవాబు (మహబూబ్‌నగర్):
41 అనేది కారణం కాదండీ. సరిగా షట్‌డౌన్ కాకుండానే యంత్రం ఆగిందని విండోస్ తిరిగి లేచాక రాసుకునే గుర్తు మాత్రమే. నా అనుమానం మొదట వేడి మీద, తర్వాత కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా మీద. ప్లగ్ తీసి, పక్క మూత విప్పి చూడండి. మా ఇంట్లో కంప్యూటర్‌లో ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము దూదిపొరలా పట్టి ఉండింది.

జవాబు (నల్లగొండ):
ర్యామ్‌ను (కంప్యూటర్ తాత్కాలిక మెమరీని) కూడా విండోస్‌లోనే ఉండే 'విండోస్ మెమరీ డయాగ్నస్టిక్' పరీక్షతో చూడండి. పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పవద్దు. ప్లగ్ తీసినా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
దుమ్ము తీసినా ఆగడం తగ్గలేదు. తెలిసినవారి పవర్ సప్లై తెచ్చి పెట్టాక మూడు రోజులుగా ఒక్కసారీ ఆగలేదు. కొత్తది కొంటున్నాను, ఇద్దరికీ కృతజ్ఞతలు.