70 వేగం దగ్గర వణికే ఆటోమేటిక్ కారు: గేర్‌బాక్స్ విప్పించాలా?

ప్రశ్న (మధురవాడ):
అందరికీ నమస్కారం. 1,10,000 కిలోమీటర్లు తిరిగిన మా 6 గేర్ల ఆటోమేటిక్ పెట్రోలు కారు, ఆనందపురం నుంచి అనకాపల్లి వెళ్లే రహదారి మీద 70 వేగంతో నిలకడగా సాగుతున్నప్పుడు, కంకర రోడ్డు ఎక్కినట్టు రెండు మూడు సెకన్లు వణుకుతోంది. చూపించిన చోట గేర్‌బాక్స్ మొత్తం విప్పాలన్నారు. అంత ఖర్చు పెట్టేముందు లోపం ఎక్కడుందో తెలుసుకునే మార్గం ఉందా?

జవాబు (ఆటోనగర్, మెకానిక్):
ఇప్పుడే విప్పించకండి. టార్క్ కన్వర్టర్‌లోని (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) లాకప్ క్లచ్ (నిలకడ వేగంలో ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ నేరుగా కలిపి పట్టేది) జారినా, ఇంజిన్ మిస్‌ఫైర్ అయినా (ఏదైనా సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోయినా) వణుకు ఒకేలా ఉంటుంది కాబట్టి ముందు ఆ రెండింటినీ వేరు చేయాలి. వణుకు మొదలవగానే, వెనుక వాహనాలు లేవని చూసుకుని, యాక్సిలరేటర్ కదపకుండా ఎడమ కాలితో బ్రేక్ లైటు వెలిగేంత మాత్రమే పెడల్‌ను తాకండి. చాలా కార్లలో ఆ సంకేతంతోనే కంప్యూటర్ లాకప్‌ను వదిలేస్తుంది. వణుకు ఆగిపోయి ఆర్‌పీఎం కాస్త పెరిగితే క్లచ్ వైపు చూడాలి. ఆగకపోతే స్పార్క్ ప్లగ్గులు, వాటికి కరెంటు ఇచ్చే కాయిల్స్ చూడాలి. తర్వాత స్కానర్‌లో ఇంజిన్ వేగానికీ టర్బైన్ (కన్వర్టర్‌లో గేర్‌బాక్స్ వైపు తిరిగే చక్రం) వేగానికీ తేడా గమనించండి. లాకప్ పూర్తిగా పడినప్పుడు అది సున్నా దగ్గర నిలవాలి, ఊగిసలాడుతుంటే క్లచ్ జారుతున్నట్టే. పి0741 కోడ్ వచ్చినా కంగారు పడవద్దు. లాకప్ సరిగా పడటం లేదని చెప్పడమే దాని పని. కారణం ఆయిల్ కావచ్చు, సోలనాయిడ్ (ఆయిల్‌ను నియంత్రించే విద్యుత్ వాల్వ్) కావచ్చు, వాల్వ్ బాడీ (గేర్‌బాక్స్‌లో ఆయిల్ దారులు, వాల్వులు ఉండే భాగం) అరుగుదల కావచ్చు. ఇది తెలియక బాగున్న కన్వర్టర్లు మార్పించుకున్నవారిని చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

జవాబు (సీతమ్మధార):
మా కారుకూ ఇదే వణుకు వచ్చిందండీ. అంతకు ముందు సర్వీసులో వేరే రకం గేర్ ఆయిల్ పోశారని తరువాత తెలిసింది. కంపెనీ పుస్తకంలో రాసిన రకమే పోయించాక తగ్గింది. అయితే ఒకసారి దింపితే కన్వర్టర్‌లో నిలిచిన పాత ఆయిల్ బయటకు రాదు కాబట్టి, కొన్ని వందల కిలోమీటర్లకోసారి చొప్పున మూడుసార్లు మార్పించాను.

జవాబు (ఆటోనగర్, మెకానిక్):
వారు చెప్పింది సరైన క్రమం. దింపిన ఆయిల్ మాడు వాసన వేస్తూ, ప్యాన్ (గేర్‌బాక్స్ కింది ఆయిల్ తొట్టి) అడుగున నల్లటి పొడి ఎక్కువగా కనిపిస్తే మాత్రం క్లచ్ లైనింగ్ అరిగినట్టే, అప్పుడు ఆయిల్‌తో పని జరగదు. కన్వర్టర్ మార్చడానికి గేర్‌బాక్స్‌ను కిందికి దింపాలి గానీ, లోపలి భాగాలు బాగుంటే దాన్ని విప్పనక్కరలేదు. ఆయిల్ కూలర్‌ను కూడా తప్పక శుభ్రం చేయించండి, లేకపోతే అందులో మిగిలిన పొడి కొత్త కన్వర్టర్‌లోకి చేరుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఈ ఉదయం ఖాళీ రోడ్డు మీద నాలుగుసార్లు పరీక్షించాను, నాలుగుసార్లూ బ్రేక్ తాకగానే వణుకు ఆగింది. రేపు మొదటి విడత ఆయిల్ మార్పిస్తున్నాను, ప్యాన్ నా ఎదుటే విప్పమని చెప్పాను.