ఈకో క్యాంపర్‌కి ఏ టైర్లు వేయాలి, గాలి ఎంత పెట్టాలి?

సెకండ్ హ్యాండ్ మారుతి ఈకో వ్యాన్ కొని వెనక మంచం, గ్యాస్ స్టవ్, 60 లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టించాను. సామానంతా ఎక్కించి కాటా వేయిస్తే వెనక ఇరుసు మీదే 760 కిలోలు వచ్చింది. అంటే ఒక్కో టైరు మీద 380. పాత ఓనరు వేయించినవి కారు టైర్లు, పక్కన లోడ్ ఇండెక్స్ (ఎంత బరువు మోస్తుందో చెప్పే కోడ్) 73 అని ఉంది. అంటే ఒక్కోటి మోసేది 365 కిలోలే! వెనక ఎడమ టైరు అంచులు రెండూ అరిగి, మధ్యలో గాడి మాత్రం బాగానే ఉంది. గాలి తక్కువైనందుకేనా?

వచ్చే నెల పిల్లలతో అరకు ఘాట్ ఎక్కాలి, అదే టెన్షన్. 8 ప్లై ఎల్‌టీ (లైట్ ట్రక్, అంటే ఎక్కువ బరువు మోసే గట్టి రకం) టైర్లు వేస్తే ఖాళీగా తిరిగేటప్పుడు మరీ కుదుపుతాయా? ముందు, వెనక ఎంతెంత గాలి పెట్టాలి? ఇలాంటి బండి నడిపినవాళ్లు దయచేసి చెప్పండి.